కాలిన భూముల కొలత: ఆకాశచిత్రములు చెప్పు సాక్ష్యము

ఏటేట మార్చి, ఏప్రిలు నెలలలో వెంకటాచలము చుట్టుపట్ల వరికోతలు ముగియుచుండగనే సాయంకాలములందు నలుదిక్కుల పొగ లేచుట మన సభ్యులందఱకును తెలిసిన విషయమే. యంత్రముతో కోసిన మళ్లలో కొయ్యకాళ్లు మోకాలియెత్తున నిలిచియుండును. గడ్డి చాళ్లుగా పడియుండును. ఒకప్రక్క ఎడగారు పైరునకు తొందర. మఱియొకప్రక్క కూలీలు దొఱకరు. గడ్డిని కట్టలు కట్టు యంత్రము అనుకొన్న దినమునకు రాదు. అంతట ఒక అగ్గిపుల్లతో పని తీఱునని కొందఱు తలంతురు. పని తీఱుచునే యున్నది. కాని గాలి తిరిగినప్పుడు ఆ మంట గట్టు దాటి ప్రక్కపొలములోని గడ్డివామిని, సరుగుడు తోటను, జామాయిలు మొక్కలను అంటుకొనుటయు కలదు.

మఱునాడు పెద్దమనుష్యులు కూడుదురు. మూడెకరముల తోట పోయినదని ఒకరందురు. ఎకరము కూడ కాలలేదని మఱియొకరందురు. పదిదినములు గడచునప్పటికి కాలిన మడికి నీరు పెట్టి దమ్ము చేసియుందురు. కాలిన చెట్లను వంటచెఱకు క్రింద కొట్టివేసియుందురు. నష్టపడినవాని మాట మాటగనే మిగిలిపోవును. నష్టపఱచినవాడును, తాను చేయని నష్టమునకు గూడ బాధ్యుడనైతినని వగచును. ఇరుగుపొరుగుల స్నేహము చెడుటకు ఇంతకంటె వేఱు కారణ మక్కఱలేదు.

ఈ పాఠమున మేము చెప్పదలచిన దొక్కటే. కాలిన నేల తన గుఱుతును కొన్ని దినములు తనయందు నిలుపుకొనును. ఆ గుఱుతును ఆకాశమునుండి చదువుటకు తగిన చిత్రములు నేడు వెల లేకుండ దొఱకుచున్నవి. కాని నేలమీది రైతు వ్రాసియుంచిన సాక్ష్యము తోడైననే ఆ చదువు నమ్మదగిన దగును. ఈ రెంటిని ఏలాగున కలుపవలెనో ఇక్కడ క్రమముగ వివరింతుము.

1. మంట వేఱు, మచ్చ వేఱు

ఆకాశమునుండి అగ్నిని కనిపెట్టుటకు రెండు విధములు కలవు. మొదటిది మండుచున్న మంట యొక్క వేడిని పట్టుకొనుట. రెండవది మంట ఆఱిన పిదప నేలమీద మిగిలిన నల్లని మచ్చను కొలుచుట. ఈ రెంటిని కలగాపులగము చేయుటవలన పెక్కు పొరపాటులు కలుగుచున్నవి.

వేడిని పట్టుకొను పద్ధతియే పత్రికలలో తఱచుగ కనబడు "అగ్నిచుక్కలు". డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు 2004 నుండి మోడిస్ అను సాధనముతోను, 2017 నుండి వియర్స్ అను మఱియొక సాధనముతోను దేశములోని అడవిమంటలను కనిపెట్టి, అటవీ సిబ్బందికి వార్తల నందించుచున్నారు. మోడిస్ చుక్క యొకటి కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు గల చదరమునకు గుఱుతు. అనగా సుమారు 247 ఎకరములు. వియర్స్ చుక్క 375 మీటర్ల చదరము. అనగా సుమారు 35 ఎకరములు. చుక్క పడినదనగా ఆ 35 ఎకరములలో నెక్కడనో గొప్పవేడి యున్నదని అర్థమే కాని, 35 ఎకరములును కాలినవని అర్థము కాదు. ఇటుకబట్టీయైనను, కర్మాగారపు పొగగొట్టమైనను చుక్కగా పడవచ్చును.

మఱియొక చిక్కు కలదు. వియర్స్ సాధనము గల ఉపగ్రహములు మన దేశముమీదుగ పగలు ఒంటిగంటన్నర ప్రాంతమునను, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతమునను పోవును. సాయంకాలము ఆఱుగంటలకు అంటించి ఏడుగంటలకు ఆఱిపోయిన కొయ్యకాళ్ల మంట దానికి కనబడదు. పంజాబు, హర్యానా ప్రాంతములలో వరిగడ్డి మంటలు మధ్యాహ్నమునుండి సాయంకాలమునకు జరుగుచున్నవనియు, అందుచే చుక్కల లెక్క నిజమైన మంటలకంటె తక్కువగా వచ్చుచున్నదనియు 2024లో శాస్త్రజ్ఞులు గమనించిరి. చుక్కలు తగ్గినంతమాత్రమున మంటలు తగ్గినవని చెప్పుటకు వీలులేదు.

మచ్చ యట్లు తప్పించుకొనదు. సాయంకాలము కాలినను, అర్ధరాత్రి కాలినను, మఱునాటి యుదయమున నేల నల్లగనే యుండును. అందుచేత ఎన్ని ఎకరములు కాలినవని తెలియగోరువారు మచ్చను కొలువవలెను.

2. ఉపగ్రహము నేలను చూచు విధము

మన కన్ను ఎఱుపు, ఆకుపచ్చ, నీలము మొదలగు వెలుగులను మాత్రమే చూడగలదు. సూర్యకాంతిలో మన కన్నులకు కనబడని వెలుగులును కలవు. వానిలో రెండు ఈ పాఠమునకు ముఖ్యము. మొదటిది సమీప పరారుణము. ఇది ఎఱుపునకు ఆవలనే యుండు వెలుగు. రెండవది హ్రస్వతరంగ పరారుణము. ఇది ఇంకను దూరమున నుండు వెలుగు.

పచ్చని ఆకు సమీప పరారుణమును మిక్కిలిగా వెనుకకు త్రిప్పికొట్టును. ఆకులోని కణముల కట్టుబాటే దీనికి కారణము. అదే ఆకు హ్రస్వతరంగ పరారుణమును లోపలికి పీల్చుకొనును. ఆకులోని నీరే దీనికి కారణము. కావున ఆరోగ్యముగల పైరు మొదటి వెలుగునందు ప్రకాశముగను, రెండవ వెలుగునందు మసకగను కనబడును.

అగ్ని ఈ క్రమమును తలక్రిందులు చేయును. ఆకులు మాడినవి కావున మొదటి వెలుగు తిరిగిరాదు. ఆకులోని నీరు ఆవిరియైనది కావున రెండవ వెలుగును పీల్చువారు లేరు. చచ్చిన కొమ్మలు, ఎండిన నేల, మసి, బూడిద మాత్రమే మిగులును. మొదటిది తగ్గి, రెండవది హెచ్చు ఈ మార్పే కాలిన నేల గుఱుతు. పొగమబ్బు కప్పినప్పుడు మన కంటి కేమియు తోచకున్నను, పలుచని పొగనుండి హ్రస్వతరంగ పరారుణము చాలవఱకు దాటి వచ్చును. ఈ వెలుగును కొలుచు సాధనము లేని ఉపగ్రహచిత్రము కాలిన నేలను చక్కగ చెప్పజాలదు.

ఇట్టి సాధనములు గల ఉపగ్రహములలో కొన్నింటిని చెప్పుదుము. అమెరికావారు 2013 ఫిబ్రవరి 11న లాండ్‌శాట్-8ను, 2021 సెప్టెంబరు 27న లాండ్‌శాట్-9ను పంపిరి. ఈ రెండును కలిసి ప్రతి 8 దినముల కొకమాఱు ఒకే చోటును చూచును. ఐరోపావారు 2015 జూన్ 23న సెంటినెల్-2ఏను, 2017 మార్చి 7న సెంటినెల్-2బిని పంపిరి. ఈ జంట 5 దినముల కొకమాఱు ఒకే చోటును చూచునట్లు ఏర్పాటు చేయబడినది. మన దేశమువారు రిసోర్స్‌శాట్-2ను 2011 ఏప్రిలు 20నను, రిసోర్స్‌శాట్-2ఏను 2016 డిసెంబరు 7నను పంపిరి. ఈ రెండును మన తీరమున దక్షిణముగ నున్న శ్రీహరికోటనుండియే ఎగసినవి. శ్రీహరికోట 2022 ఏప్రిలువఱకు మన నెల్లూరు జిల్లాలోనిదే. ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. నిప్పులు చిమ్ముచు లేచిపోవు ఆ రాకెట్టులను మనలో పెక్కుమంది మేడలమీదనుండి చూచినవారమే. పైకి పోయిన ఆ యంత్రములు మన మడిని మరల మనకు చూపుటకే పోయినవని మాత్రము తలంచియుండము.

ఈ ఉపగ్రహములు ఉదయము పదింటికిని పదకొండింటికిని నడుమ మనమీదుగ పోవును. మన అదృష్టవశమున మంటల కాలము ఫిబ్రవరినుండి జూనువఱకు. అప్పుడు మన ఆకాశము చాలవఱకు నిర్మలము. మబ్బులు కప్పు ఈశాన్య ఋతుపవన కాలము అక్టోబరునుండి డిసెంబరువఱకు. కావున కాలిన భూములను చూచుట కీ తీరము అనుకూలమైన చోటు.

3. రెండు తేదీల లెక్క

ఒక్క చిత్రమును చూచి కాలినదని చెప్పరాదు. మంటకు ముందటి చిత్రమును, మంటకు తరువాతి చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి పోల్చవలెను. దీనికి శాస్త్రజ్ఞులు దగ్ధసూచిక యను అంకె నేర్పఱచిరి. లెక్క కష్టమైనది కాదు. మొదటి వెలుగునుండి రెండవ వెలుగును తీసివేయవలెను. ఆ శేషమును రెంటి మొత్తముచే భాగింపవలెను. వచ్చిన అంకె సూచిక. ముందటి సూచికనుండి తరువాతి సూచికను తీసివేసినచో భేదము వచ్చును. భేద మెంత పెద్దదైన, కాలుట అంత తీవ్రము.

పోలిక కొఱకు ఒక అడవిచోటును తీసికొందము. మంటకు ముందు నూటికి 40 పాళ్లు మొదటి వెలుగు, 15 పాళ్లు రెండవ వెలుగు తిరిగివచ్చిన వనుకొందము. 40లో 15 పోగా 25, మొత్తము 55, భాగింపగా 0.45. మంట తరువాత మొదటిది 15, రెండవది 25 అనుకొందము. 15లో 25 పోగా ఋణము 10, మొత్తము 40, భాగింపగా ఋణము 0.25. భేదము 0.70. అమెరికా భూగర్భ సర్వేక్షణవారి పట్టికలో 0.10 లోపు భేదము కాలనిదానిక్రిందను, 0.66 మించినది తీవ్రముగ కాలినదానిక్రిందను లెక్క. నడుమనున్నవి కొంచెముగను, మధ్యముగను కాలినవి. ఈ పట్టిక అడవులకొఱకు ఏర్పడినది.

మన వరిమడిలో ఈ లెక్కను గ్రుడ్డిగ నమ్మరాదు. పచ్చని పైరు సూచిక 0.50 అనుకొందము. కోసిన పిదప ఎండిన కొయ్యకాళ్ల మడిలో మొదటి వెలుగు 28, రెండవది 32 అనుకొన్నచో సూచిక ఋణము 0.07. ఇక్కడ అగ్గి యింకను పెట్టలేదు. ఐనను భేదము 0.57 వచ్చినది! పచ్చపైరు చిత్రమును ముందటి చిత్రముగ పెట్టుకొన్నవాడు కోతనే మంట యనుకొనును. తరువాత నిజముగ కాల్చినప్పుడు మొదటిది 14, రెండవది 22 ఐన సూచిక ఋణము 0.22, కొయ్యకాళ్లతో పోల్చిన భేదము 0.15 మాత్రమే. కాబట్టి వరిమడి విషయమున ముందటి చిత్రము కోతకు తరువాతను, మంటకు ముందును తీసినదై యుండవలెను. ఆ రెండు తేదీలును ఉపగ్రహమునకు తెలియవు. రైతునకు తెలియును.

4. ఒక గడి ఎన్ని సెంట్లు?

ఆకాశచిత్రము నేలను చదరంగపు బల్లవలె గడులుగ విభజించును. ఒక గడిలోని దంతయు కలిసి ఒకే రంగుగ వచ్చును. ఒక సెంటనగా సుమారు 40 చదరపు మీటర్లని జ్ఞాపకముంచుకొన్నచో ఈ గడులను మన కొలతలోనికి మార్చుట సులభము.

రిసోర్స్‌శాట్ లిస్-3 సాధనపు గడి 23.5 మీటర్లు: సుమారు 14 సెంట్లు.
సెంటినెల్ వారి హ్రస్వతరంగ గడి 20 మీటర్లు: సుమారు 10 సెంట్లు.
లాండ్‌శాట్ గడి 30 మీటర్లు: సుమారు 22 సెంట్లు.
రిసోర్స్‌శాట్ ఆవిఫ్స్ సాధనపు గడి 56 మీటర్లు: సుమారు 77 సెంట్లు.

దీనినిబట్టి ఐదు సెంట్ల దొడ్డిలోని వామి కాలినదా లేదా యని సెంటినెల్ చిత్రమును అడుగుట వృథా. రెండెకరముల తోటను గుఱించి అడుగవచ్చును. వంద ఎకరముల కొండవాలును గుఱించి మిక్కిలి నమ్మకముగ అడుగవచ్చును.

ఒక ఉదాహరణమును తీసికొందము. ఒక రైతునకు నాలుగెకరముల సరుగుడు తోట కలదు. ప్రక్కమడి మంట దానిలో ప్రవేశించినది. సెంటినెల్ చిత్రమున పూర్తిగ నల్లనైన గడులు 18. అంచున సగము నల్లగ, సగము పచ్చగ నున్న గడులు 12. గడి ఒక్కింటికి 9.88 సెంట్ల చొప్పున, పూర్తిగడులు మాత్రమే లెక్కించిన 178 సెంట్లు. అంచుగడులను గూడ పూర్తిగ చేర్చిన 296 సెంట్లు. అంచుగడులను సగము చొప్పున చేర్చిన 237 సెంట్లు. కావున చిత్రము చెప్పునదేమనగా: కాలినది ఎకరమున్నరకు తక్కువ కాదు, మూడెకరములకు ఎక్కువ కాదు, సుమారు రెండెకరముల ముప్పదియేడు సెంట్లు.

ఎకరము కూడ కాలలేదన్న మాటయు, నాలుగెకరములును పోయినవన్న మాటయు రెండును దీనిచే తొలగిపోవును. మిగిలినది గొలుసు పట్టుకొని తోటయంచున నడచి తేల్చుకొనవలెను. చిత్రము తగవును తీర్చదు. తగవును చిన్నది చేయును. పల్లెలో అదియే గొప్ప మేలు.

5. నల్లనిదెల్ల కాలినది కాదు

మన ప్రాంతమున పొరపడుటకు తగిన చోటు లనేకములు కలవు. వానిని సభ్యులు తెలిసికొనియుండుట అవసరము.

మొదటిది నీరు. నీరు రెండు వెలుగులను మ్రింగివేయును. దమ్ము చేసిన మడియు, తీరముదాపున రొయ్యల గుంటలును, చెఱువు గర్భమును చిత్రమున నల్లగ కనబడును. ఏప్రిలులో నీరు పెట్టిన ఎడగారు మడిని కాల్చిన మడిగ లెక్కించుటకు అవకాశము కలదు. ఒక్క అగ్గిపుల్ల గీయని రైతు కాల్చినవారి పట్టికలోని కెక్కవచ్చును.

రెండవది తడిసిన నల్లరేగడి, క్రొత్తగ దున్నిన చాళ్లు. మూడవది మబ్బునీడ, దీని తోడుగ ప్రక్కనే తెల్లని మబ్బు కనబడును కావున జాగ్రత్తపడవచ్చును.

నాలుగవది దీనికి వ్యతిరేకమైన పొరపాటు: కాలినదానిని కాలలేదనుట. కాల్చిన మఱునాడే నీరు పెట్టిన మడిలో మసి బురదలో కలిసిపోవును. ఐదు దినములకు వచ్చు ఉపగ్రహము దానిని చూడనేరదు. సరుగుడు తోటలో నేలమీది ఎండుటాకు మాత్రమే కాలి, పైకొమ్మలు పచ్చగనే యున్నచో ఆకాశమునుండి తోట కాలనట్లే యుండును. మొదళ్లు మాడిన చెట్లు కొన్ని వారములకు ఎండినప్పుడుగాని నష్టము బయటపడదు. అట్టి చోట మంట జరిగిన వారమునకొక చిత్రమును, నెలన్నరకు మఱియొక చిత్రమును చూడవలెను.

6. కొండల సంగతి మనకేల?

వెంకటాచలము మాగాణిసీమ, అడవిమంటతో మనకేమి పని యని కొందఱు తలంపవచ్చును. జిల్లాకు పడమట వెలికొండలు గోడవలె నిలిచియున్నవి. కండలేఱు ఆ కొండలలోనే పుట్టి, మనకు తూర్పున కృష్ణపట్నముదాపున సముద్రమున కలియుచున్నది. కొండవాలున గడ్డి, పొద, ఎండుటాకు వాననీటిని నిలిపి మెల్లగ నేలలోనికి దింపును. వేసవిలో అవి కాలిపోయినచో, అక్టోబరు, నవంబరు తుపాను వానలు బోడినేలమీద పడి మట్టిని కోసికొని వచ్చును. ఆ మట్టి వాగులలోను చెఱువులలోను పేరుకొనును. కొండమీది మంట కొన్ని నెలలకు మైదానములో పూడికగ దిగివచ్చును.

ఈ అడవులలో పెక్కుచెట్లు ఫాల్గుణ చైత్రములందు ఆకు రాల్చును. రాలిన ఆకు ఎండి అగ్గికి సిద్ధముగ నుండును. మన దేశమున అడవిమంటలలో చాలవఱకు మనుష్యుల చేతనే పుట్టుచున్నవి. ఆర్పని చుట్టముక్క, క్రొత్తగడ్డి కొఱకు పెట్టిన నిప్పు, తేనెపట్టు పొగ మొదలగునవి కారణములు. 2014 మార్చిలో తిరుమలచుట్టునున్న శేషాచలపుటడవిలో మంటలు చెలరేగినప్పుడు వాటి నార్పుటకు వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చెను. మంట ఆఱుట యొక దినపు వార్త. ఎంత మేర, ఎంత తీవ్రముగ కాలినదో తెలిసికొనుట అనంతరపు పని. ఎక్కడ మట్టికట్ట వేయవలెనో, ఎక్కడ పశువులను కొన్నాళ్లు తోలకుండ కాపాడవలెనో, ఎక్కడ ఎఱ్ఱచందనపు మోళ్లు మరల చిగురించుటకు విడువవలెనో మచ్చల పటమునుబట్టి నిర్ణయింపవచ్చును.

ఇక్కడ గూడ ఒక హెచ్చరిక. ఆకు రాలుటవలననే సూచిక పడిపోవును. జనవరి చిత్రమును ఏప్రిలు చిత్రముతో పోల్చినచో కాలని అడవియు కాలినట్లు కనబడును. అందుచే ఈ యేటి ఏప్రిలును నిరుటి ఏప్రిలుతో పోల్చవలెను. అడవిమచ్చ వరిమడి మచ్చకంటె ఎక్కువకాలము నిలుచును. సాధారణముగ వానలు పడి పచ్చదనము వచ్చువఱకు కనబడును. 1984లో పంపబడిన లాండ్‌శాట్-5 నాటినుండి 30 మీటర్ల గడుల చిత్రములు నిలువచేయబడియున్నవి కావున, ఏ వాలు మాటిమాటికి కాలుచున్నదో వెనుకటి సంవత్సరములను గూడ తిరుగవేసి చూడవచ్చును.

7. సంఘము చేయవలసిన పని

చిత్రములు సంపాదించుట కష్టము కాదు. లాండ్‌శాట్ చిత్రములు 2008 నుండి అందఱకును ఉచితము. సెంటినెల్ చిత్రములును ఉచితమే. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు నడపు భువన్ అను పటశాల 2009లో ప్రజలకు తెఱవబడినది. ఇంటర్నెట్టు గల ఫోను, ఓపికగల ఒక చదువుకొన్న యువకుడు లేక యువతి, ఈ రెండున్న చాలును. దుర్లభమైనది నేలమీది సాక్ష్యము. అది హైదరాబాదులోను దొఱకదు, డెహ్రాడూనులోను దొఱకదు. మన ఊరిలోనే యున్నది. కాని వ్రాసిపెట్టినవారు లేరు.

కావున ప్రతి సంఘమును "మంటల పుస్తకము" అను నొక చిట్టా నుంచవలెనని మేము సూచించుచున్నాము. మార్చినుండి జూనువఱకు దానిలో ఈ క్రింది సంగతులను వ్రాయవలెను:

(1) సర్వే నంబరు, విస్తీర్ణము.
(2) కోత కోసిన తేదీ.
(3) నిప్పు అంటుకొన్న తేదీ, వేళ. గాలి వీచిన దిక్కు.
(4) కాలినది కొయ్యకాళ్లా, వామియా, తోటయా, బీడా.
(5) మడికి నీరు పెట్టిన లేక దున్నిన తేదీ.
(6) పొలము నాలుగు మూలలనుండి ఫోనుతో తీసిన ఛాయాచిత్రములు.

కాలని మళ్లను గూడ కొన్నింటిని వ్రాయవలెను. ఇది ముఖ్యము. కాలినవానిని మాత్రమే చూపిన పుస్తకము పటములోని తప్పును పట్టజాలదు. ఫలానా మడి నల్లగ నున్నది దమ్మువలననే యని చెప్పు వరుస ఒక్కటి, కాల్చినదని చెప్పు వరుసయంత విలువగలది. శాస్త్రజ్ఞులు గూడ తమ పటమును ఈ రీతినే పరీక్షింతురు: కొన్ని చోట్లకు పోయి, కాలినదన్నది కాలినదో కాదో, కాలనిదన్నది కాలనిదో కాదో సరిచూచి, నూటికెన్ని సరియైనవో లెక్కింతురు.

ఈ పుస్తకము ఎవరినో పట్టియిచ్చుటకు కాదు. అట్లు తలంచినచో ఒక్క వరుసయు నిజము వ్రాయబడదు. కావున సర్వసభ్యసమావేశమున ముందుగ ఒడంబడిక చేసికొనవలెను: ఇందలి సంగతులు తగవు తీర్చుటకును, నష్టము లెక్కించుటకును, గడ్డికట్టల యంత్రము ఏ దిక్కునకు ఎప్పుడు రావలెనో నిర్ణయించుటకును మాత్రమే వినియోగింపబడవలెను. రెండు సంవత్సరముల పుస్తకమును పటముతో కలిపి చూచిన, ఏ కాలువక్రింద, ఏ వారమున, ఎన్ని ఎకరముల గడ్డి కాలుచున్నదో సంఘమునకు తెలియును. యంత్రమును అద్దెకు తెచ్చుటకు ఆ అంకెయే ఆధారము. ఇప్పుడు అందాజుమీద తెచ్చుచున్నాము. కావలసినచోటికి అది చేరునప్పటికి పొగ లేచుచున్నది.

కాలిపోవు గడ్డి యూరక కాలిపోవుటలేదు. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషు, 1.2 కిలోల గంధకము కలవని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నిప్పు పెట్టినప్పుడు నత్రజనిలో చాలవఱకు గాలిలో కలియును. మిగిలినవానిలో కొంత బూడిదయై గాలికి పోవును. ఆ నత్రజనినే పదిదినములకు యూరియా బస్తాగ వెలపెట్టి కొందుము. ఐనను కాల్చిన రైతును నిందించుటవలన ఫలము లేదు. ఆతనికి పదిదినముల గడువును, సకాలమున యంత్రమును ఇచ్చినవారికే ఆతనిని మందలించుటకు అధికారము కలదు. ఆ యంత్రమును సమకూర్చుట సంఘము పనియే కాని ఒంటరి రైతు పని కాదు.

8. ముగింపు

ఇకముందు మన పొలములను గుఱించి ఆకాశమునుండి చూచి వ్రాయువారు హెచ్చుదురేకాని తగ్గరు. వారు వ్రాసిన పటమున మన ఊరు నల్లగ నున్నచో, అది మసియో, బురదయో చెప్పగలవారము మనమే. ఋజువు లేక నోటితో చెప్పిన మాట నిలువదు. తేదీతో వ్రాసిన మాట నిలుచును. తోట పోగొట్టుకొన్న రైతునకును, కాల్చకయే మాట పడిన రైతునకును రక్షణ ఆ యొక్క పుస్తకమే.

వచ్చు మాసపు సమావేశమున సభ్యులు ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెచ్చెదరుగాక: మీ కాలువక్రింద నిరుడు కోత ముగిసిన వారమేది? మీకు తెలిసి కాలిన మళ్లలో ఎన్నింటికి కాల్చిన తేదీ చెప్పగలరు? మీ పొలమునకు ప్రక్కనున్న తోటకును, గడ్డివామికిని మీ గట్టునుండి దూరమెంత? మూడవ ప్రశ్నకు సమాధానము కొఱకు ఈ సాయంకాలమే గట్టుమీద నడచి చూచుట మంచిది. అందు కే ఉపగ్రహమును అక్కఱలేదు.